మురిగిన ఓట్లు

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల పాతికేళ్ల కిందట ఓటు వేసినవాళ్లకి ఆ ఇనుపయంత్రం గుర్తుండే ఉంటుంది. మా అమ్మమ్మ గారింట్లో బీరువా అంత ఉండేది. లోపలికి వెళ్లి పైనున్న పెద్ద పిడి పక్కకి లాగితే వెనకాల తెర మూసుకునేది. ఎదురుగా వరసల్లో పేర్లు, ఒక్కో పేరు దగ్గర వేలెడంత మీట. కావలసిన మీటలు దించి పెద్ద పిడి వెనక్కి లాగితే ఖణేల్‌మని మోత. ఓటు పడిపోయినట్టు. తెర దానంతటదే తెరుచుకునేది.

ఆ చిన్న మీటల్లో ఒకటి పార్టీ మీట. అదొక్కటి నొక్కితే చాలు, ప్రెసిడెంటు దగ్గర్నుంచి ఆ పార్టీవాళ్లందరికీ ఓట్లు పడిపోతాయి. పేర్లు చదివే శ్రమ కూడా ఉండదు. 2000 నవంబరు 7న, అమెరికా పౌరుణ్ణయ్యాక ప్రెసిడెంటు ఎన్నికలో మొదటి ఓటు వెయ్యడానికి వెళ్లినప్పుడు, నా ముందు లోపలికెళ్లిన పెద్దాయన పది సెకన్లలో బయటికొచ్చాడు. నాకు అయిదు నిమిషాలు పట్టింది. బయట కూర్చున్న ముసలావిడ "అంతా బాగానే ఉందా?" అని తెర బయట నుంచి అడిగింది కూడా.

ఆ రోజు నేను రాల్ఫ్ నాడర్‌కి వేశాను.

చిన్నవాళ్లకి ఆ పేరు తెలియకపోవచ్చు. అమెరికా కార్లలో సీటు బెల్టులు తప్పనిసరి కావడానికి 1960ల్లో కంపెనీలతో పోట్లాడినవాళ్లలో ముఖ్యుడు. 2000లో గ్రీన్ పార్టీ తరఫున నిలబడ్డాడు. టీవీ చర్చల్లోకి రానివ్వలేదు. పోల్స్‌లో 15 శాతం ఉంటేనే రానిస్తామన్నారు. ఆ నిబంధన పెట్టిన కమిషన్‌ని 1987లో పుట్టించింది రెండు పెద్ద పార్టీలు, డెమొక్రాట్లూ రిపబ్లికన్లే. చర్చ జరుగుతున్న బోస్టన్‌కి నాడర్ మామూలు ప్రేక్షకుడిలా టికెట్టు పట్టుకుని వెళ్లాడు. అది చర్చ హాలుకి కూడా కాదు, పక్క హాల్లో టీవీ తెర మీద చూడ్డానికి. దాంట్లోకి కూడా రానివ్వకుండా బయటి నుంచే వెనక్కి పంపేశారు. ఆ వార్త చదివిన రోజే నా ఓటు తేలిపోయింది. మా ఊళ్లో పెళ్లి పందిట్లోంచి ఎవర్నైనా లేపేస్తే ఊరంతా వాడి వైపే ఉంటుంది. అలాంటి కోపమే అనుకోండి.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. ఫ్లోరిడాలో రిపబ్లికన్ బుష్‌కీ డెమొక్రాట్ గోర్‌కీ మధ్య 537 ఓట్ల తేడా. అక్కడ నాడర్‌కి పడ్డవి 97 వేల పైచిలుకు. 35 రోజులు కాగితం ముక్కలు వెలుతురికి ఎత్తి చూసుకుంటూ లెక్కపెట్టి, చివరికి సుప్రీంకోర్టు 5-4తో లెక్కింపు ఆపేసింది. బుష్ గెలిచాడు.

ఆ డిసెంబరులో ఒక ఆదివారం పెన్ హిల్స్‌లో కొండ మీదున్న వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాం. గుడి కింద అంతస్తులో పులిహోర, పెరుగన్నం అమ్ముతారు. చిన్న డబ్బాల్లో. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో సగంమంది ఎప్పుడో ఒకప్పుడు అక్కడ బల్లల ముందు కూర్చుని ఆ పులిహోర తినే ఉంటారు. మా గుంపు ఎప్పుడూ కూర్చునే మూల బల్ల దగ్గర ఆ రోజు నాకు విచారణ జరిగింది.

నాతోపాటు ఇంజనీరింగ్ చదివినవాడు, బెజవాడవాడు, పక్కా డెమొక్రాట్. ప్లాస్టిక్ చెంచా పులిహోరలో గుచ్చి పెట్టి, "ఏరా, ఓటు మురగబెట్టావంటగా" అన్నాడు. మా ఆవిడ చెప్పినట్టుంది.

"పెన్సిల్వేనియాలో గోర్ రెండు లక్షల పైన మెజారిటీతో గెలిచాడు కదరా. నా ఒక్క ఓటుతో ఏం మునిగింది?"

"అందరూ నీలాగే అనుకోబట్టే ఫ్లోరిడా మునిగింది. ఓట్లు చీల్చేవాళ్లని ఏమంటారో మన ఊళ్లో, నీకు నేను చెప్పాలా?"

అవతల కూర్చున్న డాక్టరు గారు నవ్వుతున్నారు. ఆయన రిపబ్లికన్. పన్నులు, డాక్టర్ల మీద వేసే దావాలు, ఇన్సూరెన్సు ప్రీమియం తప్ప ఆయనకి రాజకీయాల్లో ఇంకో సమస్య లేదు. "ఉండనివ్వవయ్యా, ఆయన వల్లేగా మేం గెలిచాం" అని నా డబ్బాలోకి తన అప్పడం ముక్క వేశారు. ఆ మాట నన్ను తిట్టినదానికంటే ఎక్కువ గుచ్చుకుంది. ఆ రోజు నుంచీ మా గుంపులో నా పేరు 'గోడ మీద పిల్లి'.

గోడ మీద పిల్లికి ఎటు దూకాలో లెక్క ఉంటుంది. నాకు ఆ లెక్కే లేదు. ఆ సంగతి చెప్పినా వినేవాళ్లెవరు?

రాత్రి ఫోన్ కార్డు గీకి నంబరు బయటపెట్టి నాన్నకి ఫోన్ చేశాను. మాది సత్తెనపల్లి పక్కన పల్లెటూరు. నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. పేపరు ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివే మనిషి. విషయం మొత్తం విని, "మీవాడికి ఎన్నొచ్చినయ్‌రా?" అన్నారు.

"దేశం మొత్తం మీద 28 లక్షలు దాటాయి. రెండున్నర శాతం చిల్లర."

"అబ్బో. మనకంటే నయమే."

'మనకంటే' అని ఆయన దేని గురించి అన్నారో నాకు వెంటనే అర్థమైంది. 1977 మార్చి. ఎమర్జెన్సీ సడలించి ఎన్నికలు పెట్టారు. ఉత్తరాది అంతా ఇందిరాగాంధీని ఓడిస్తే మన ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కి ఇచ్చింది. జనతా పార్టీకి దక్కింది నంద్యాల ఒక్కటే, నీలం సంజీవరెడ్డి గెలిచారు. మా ఊళ్లో జనతాకి ఓటేసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఒక వేలు నాన్నది. ఆయన దాచుకోలేదు. అరుగు మీద కూర్చుని అందరితో చెప్పారు, "ఆవిడ జనాన్ని జైల్లో పెట్టింది, నేనెట్టా వేస్తానయ్యా" అని. ఊరి ప్రెసిడెంటు పక్కా కాంగ్రెస్ మనిషి. ఆయన ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి, "ఏం మాస్టారూ, మీ నంద్యాల ఎట్టా ఉంది?" అని వెక్కిరించి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, వాళ్ల అబ్బాయి లెక్కల్లో ఎందుకు వెనకబడ్డాడో కనుక్కుని వెళ్లాడు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఆ కాఫీ గ్లాసు గుర్తుంది, దాని మీద అమ్మ పేరు చుక్కలతో కొట్టించి ఉండేది.

నాన్నకి ఆ అలవాటు ఎక్కడిదంటే వావిలాల గోపాలకృష్ణయ్య గారి దగ్గర్నుంచి. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు అసెంబ్లీకి వెళ్లిన మనిషి. ఖద్దరు బట్టలు, భుజాన గుడ్డ సంచి. ఏ పెద్ద పార్టీ జెండా మోయకుండా స్వతంత్రుడిగా నిలబడి కూడా గెలవొచ్చని మా తాలూకా జనానికి చూపించిన మనిషి. నాన్న తొలి ఓట్లన్నీ ఆయనకే. అందుకే ఆయనకి ఒక పిచ్చి నమ్మకం ఉండిపోయింది, మంచివాడనిపిస్తే వేసెయ్యడమే, గెలుపు సంగతి తర్వాత అని. వావిలాల తర్వాత నాన్న వేసిన వాళ్లెవరూ గెలిచినట్టు నాకు గుర్తులేదు. 1983లో రామారావు గారి ప్రభంజనంలో ఊరు ఊరంతా సైకిలెక్కితే, ఆయన సినిమాలు ఒక్కటీ వదలని మా నాన్న ఎవరో స్వతంత్రుడికి వేసొచ్చారు. "అందరూ ఒకే వైపు పరిగెత్తుతుంటే నాకు కాళ్లు ఆడవురా" అన్నారు. అమ్మ మాత్రం సైకిల్‌కే వేసింది. మూడు రోజులు ఆ సంగతి చెప్పి చెప్పి ఏడిపించింది.

ఇలాంటి ఇంట్లోంచి నేను 1986లో ఎమ్మెస్ చదవడానికి పిట్స్‌బర్గ్ వచ్చిపడ్డాను.

ఎవరూ చెప్పలేదు నాకు, ఆ ఊరు అప్పుడే కూలిపోతోందని. నదికి అవతల హోమ్‌స్టెడ్‌లో వందేళ్ల పైబడిన ఉక్కు కర్మాగారం సరిగ్గా ఆ ఏడాదే మూసేశారు. గ్రీన్‌ఫీల్డ్ అనే పేటలో ఒక ఇంటి పైభాగం నలుగురం అద్దెకి తీసుకున్నాం. ఇంటాయనకి అప్పటికి యాభై దాటాయి, ఆ మిల్లులోనే పాతికేళ్లు చేశాడు. పొద్దున్నే లంచ్ బాక్సు సర్దుకునే అలవాటు పోక, సర్దుకుని, వెనకాల మెట్ల మీద కూర్చుని తినేవాడు. మా సాంబారు వాసన మీద మొదట్లో గొణిగాడు గానీ ఆర్నెల్లకి గిన్నె పట్టుకుని పైకొచ్చేవాడు.

నేను ఉద్యోగంలో చేరాక కూడా పెళ్లయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. తర్వాతా వెళ్లి పలకరించి వస్తుండేవాణ్ణి. 1992లో రాస్ పెరో నిలబడినప్పుడు మా ఇంటాయన ముఖంలో వచ్చిన వెలుగు నేను మళ్లీ ఏ అమెరికన్ ముఖంలోనూ చూడలేదు. పెరో టీవీలో అరగంట టైము కొనుక్కుని, చేతిలో కర్ర పట్టుకుని, అట్టల మీద గీసిన పటాలు చూపిస్తూ లోటు బడ్జెట్ పాఠం చెప్పేవాడు. నాకు మా నాన్న నల్లబల్ల ముందు నిలబడ్డట్టే ఉండేది. మెక్సికోతో ఒప్పందం కుదిరితే ఉద్యోగాలన్నీ పీల్చుకుపోతాయన్నాడు. ఇంటాయన జీవితమంతా యూనియన్ మనిషి, డెమొక్రాట్. ఆ ఏడు పెరోకి వేశాడు. పెరో జులైలో తప్పుకుని అక్టోబరులో మళ్లీ వచ్చినా సరే వేశాడు.

పెరోకి 19 శాతం ఓట్లొచ్చాయి. దాదాపు రెండు కోట్లమంది. కానీ ప్రెసిడెంటుని తేల్చేవి రాష్ట్రాలవారీగా దక్కే ఎలక్టోరల్ ఓట్లు. అవి ఎన్నో తెలుసా? సున్నా. ఒక్క రాష్ట్రంలోనూ మొదటి స్థానం రాలేదు కాబట్టి అన్ని కోట్ల కాగితాలూ గాలికి పోయినట్టే. నేనప్పుడు వీసా మీద ఉన్నవాణ్ణి, ఓటు లేదు. ఆ లెక్క చూసి తల తిరిగింది. మర్నాడు వెళ్తే ఇంటాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఈసారికి మనం కనబడ్డాం కదా" అన్నాడు. మరుసటి ఏడాది ఆ మెక్సికో ఒప్పందం, నాఫ్తా, రెండు పార్టీల ఓట్లతోనూ కాంగ్రెస్‌లో పాసైంది. ఇప్పుడా మిల్లు స్థలంలో పెద్ద షాపింగ్ సెంటరు ఉంది. పన్నెండు పొగగొట్టాలు మాత్రం వరసగా మిగిల్చారు, సినిమా హాలు పక్కన. మా అమ్మాయి చిన్నప్పుడు అవి అలంకారానికి కట్టారనుకునేది.

పౌరసత్వం వచ్చాక ఓటరు ఫారంలో పార్టీ అన్న గడి దగ్గర 'ఏదీ లేదు' అని పెట్టాను. మన దేశంలో ఓటరు జాబితాలో పార్టీ రాసే పద్ధతే లేదు కదా, అది చూడగానే నాకు చిరాకేసింది. ఎవరికి వేస్తావో వాడికెందుకు? కానీ దాని ఫలితం వసంతంలో తెలిసింది. పెన్సిల్వేనియాలో ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓటు వెయ్యాలంటే ఆ పార్టీలో నమోదై ఉండాలి. నేను ఉత్సాహంగా వెళ్తే అక్కడి ఆవిడ పాపం ఎంతో మర్యాదగా, "మీరు ఏ పార్టీవారూ కాదు కదా, ఈ రోజు మీకేమీ లేదు" అని ఓ స్టిక్కరు చేతిలో పెట్టి పంపింది. మా టౌన్‌షిప్‌లో చాలా పదవులకి అసలు పోటీ ప్రైమరీలోనే. నవంబరులో మిగిలేది లాంఛనం. అంటే వంట అయిపోయాక వడ్డించేటప్పుడు నన్ను పిలుస్తారన్నమాట. ఆ ప్రైమరీల ఖర్చు మాత్రం నా పన్నుల్లోంచి కూడా పోతుంది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత గుడి దగ్గర రాజకీయాలు మాట్లాడ్డం తగ్గిపోయింది. అందరి కార్ల మీదా జెండాలు. నేనూ పెట్టాను, భయంతోనే పెట్టాను. అరిజోనాలో ఒక సర్దార్జీని, బల్బీర్ సింగ్ సోధీని, తలపాగా చూసి కాల్చేశారు, ఆ దాడులు జరిగిన నాలుగు రోజులకే. ఇరాక్ మీద యుద్ధమన్నప్పుడు నాకు మళ్లీ కాళ్లు ఆడలేదు. 2003 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో గడ్డకట్టే చలిలో యుద్ధానికి వ్యతిరేకంగా ఊరేగింపు తీస్తే వెళ్లాను. మనవాళ్లెవరూ కనబడలేదు. మా ఆవిడ కార్లో కూర్చుంది, హీటరు వేసుకుని. "నీకు పౌరసత్వం ఉంది, సరే, నా గ్రీన్‌కార్డు పోతే?" అంది. తమాషాగా అనలేదు.

అప్పుడే బెజవాడ స్నేహితుడు నన్ను మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి గట్టి ప్రశ్నే వేశాడు. "రెండు పార్టీలకీ తేడా లేదన్నావు. ఇప్పుడు చెప్పు. గోర్ ఉంటే ఈ యుద్ధం జరిగేదా?"

నేను అంకెలు చెప్పాను. యుద్ధానికి అనుమతి ఇస్తూ సెనేట్‌లో 77 మంది ఓటేశారు, 23 మంది వద్దన్నారు. 50 మంది డెమొక్రాట్లలో 29 మంది సరేనన్నవాళ్లే. "వీళ్లకా నేను వేయాల్సింది?" అన్నాను. బల్ల మీద గెలిచాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఎందుకంటే అంతకుముందు సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో గోర్ ఆ యుద్ధం వద్దని గట్టిగా మాట్లాడాడు. ఆ ప్రసంగం నేను చదివాను. వాడికి ఆ సంగతి గుర్తురాలేదు గానీ నాకు తెలుసు కదా. నా ఓటు పెన్సిల్వేనియాలో పడింది, ఫ్లోరిడాలో కాదు, నిజమే. కానీ నేను ఫ్లోరిడాలో ఉన్నా అలాగే వేసేవాణ్ణి. అది కూడా నిజమే. ఇరవై ఏళ్లు దాటినా ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

2004లో ఆ ఇబ్బంది కూడా లేకుండా చేశారు. నాడర్ పేరు పెన్సిల్వేనియా బ్యాలట్ మీద ఉండకూడదని డెమొక్రాట్లు కోర్టుకెళ్లారు. సేకరించిన సంతకాల్లో మిక్కీ మౌస్ లాంటివి కూడా దొరికాయి, ఆ తప్పు నాడర్ మనుషులదే. కానీ పేరు తీసేయడమే కాక, కోర్టు ఖర్చుల కింద ఆయన్నే 81 వేల డాలర్లు కట్టమన్నారు. ఆ సంతకాలు ఏరే పని చేసినవాళ్లలో కొందరు ప్రభుత్వ జీతం తీసుకుంటూ ఆ పని చేశారని నాలుగేళ్లకి గ్రాండ్ జ్యూరీ విచారణలో బయటపడింది. మా ఊళ్లో అయితే పోటీ అభ్యర్థి నామినేషన్ పత్రం లాక్కుని పారిపోయేవాళ్లు. ఇక్కడ లాయర్లు ఉన్నారు, అంతే తేడా.

2008లో మెత్తబడ్డాను. ఒప్పుకోవాల్సిందే. ఏప్రిల్ 22న ప్రైమరీ. మార్చి 24 లోపల పార్టీ మార్చుకోవాలి. ఒబామా కోసం డెమొక్రాట్‌గా ఫారం నింపాను. బెజవాడవాడు గుళ్లో స్వీట్లు పంచినంత పని చేశాడు. "పిల్లి గోడ దిగిందోయ్!" ఆ ప్రైమరీలో మా రాష్ట్రంలో ఒబామా ఓడిపోయాడు. మా వంశ సంప్రదాయం తప్పలేదు. కానీ నవంబరులో గెలిచాడు, నేను ఓటేసిన మనిషి గెలవడం అదే మొదటిసారి. నాన్నకి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు. "జాగ్రత్తరా" అన్నారు. ఎందుకు అన్నారో అప్పుడు అర్థం కాలేదు.

నిజానికి అక్టోబరులోనే కళ్లు తెరుచుకోవాల్సింది. బ్యాంకుల్ని ఒడ్డున పడెయ్యడానికి 70 వేల కోట్ల డాలర్ల బిల్లు సెనేట్‌కి వస్తే మెకెయిన్, ఒబామా ఇద్దరూ సరేనన్నారు. ప్రచారం మధ్యలో వచ్చి మరీ ఓటేసి వెళ్లారు. మా వీధిలో అప్పటికే రెండిళ్లు బ్యాంకు పాలయ్యాయి, వాళ్లని ఒడ్డున పడేసినవాళ్లు ఎవరూ లేరు. గ్వాంటనామో జైలు ఏడాదిలో మూసేస్తానని పదవిలోకి వచ్చిన రెండో రోజు సంతకం పెట్టాడు ఒబామా. ఆయన ఎనిమిదేళ్లూ అయిపోయాయి, తర్వాతివాళ్లు వచ్చారు, జైలు అక్కడే ఉంది. ఆయనొక్కడి తప్పని అనను, కాంగ్రెస్ అడ్డుపడింది. అయినా ఆశ పెట్టుకున్నది నేను కాబట్టి మండింది నాకే. ఏడాదిన్నరకి మళ్లీ ఫారం నింపి 'ఏదీ లేదు'కి వచ్చేశాను.

అన్నట్టు, మా సెనేటర్ అర్లెన్ స్పెక్టర్ 2009లో రిపబ్లికన్ పార్టీలోంచి డెమొక్రాట్లలోకి దూకాడు, 2010 ప్రైమరీలో ఓడిపోయాడు. ఇక్కడ పార్టీ ఫిరాయింపుల చట్టం లాంటిది లేదు, రాజీనామా అక్కర్లేదు. ఆయన్ని ఎవరూ గోడ మీద పిల్లి అనలేదు.

మా ఆవిడ పౌరసత్వం ఆ 2009లోనే తీసుకుంది. పరీక్షకి నేనే చదివించాను, వంద ప్రశ్నలు. వంటింట్లో పప్పు తిరగమోత పెడుతూ జవాబులు చెప్పేది. అందులో ఒకటి: అమెరికాలో రెండు ప్రధాన పార్టీలేవి? "డెమొక్రటిక్, రిపబ్లికన్" అని చెప్పి, గరిటె నా వైపు తిప్పి, "మూడోది మా ఆయన" అంది. నేను ఊరుకోకుండా, అమెరికా రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ఊసే లేదని, 1796లో వాషింగ్టన్ పదవి దిగిపోతూ పార్టీల తగువులతో జాగ్రత్త అని రాసి వెళ్లాడని మొదలుపెట్టాను. "అది సిలబస్‌లో లేదు" అంది. ఇంటర్వ్యూలో పాసైంది.

ఇక 2016. దీని గురించి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

పెన్సిల్వేనియాలో ట్రంప్ గెలిచింది 44 వేల పైచిలుకు ఓట్లతో. గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కి అక్కడ పడినవి దాదాపు 50 వేలు. ఇది ఫ్లోరిడా కాదు, మా రాష్ట్రం. నవంబరు చివర థాంక్స్‌గివింగ్‌కి మా అమ్మాయి ఫిలడెల్ఫియా నుంచి వచ్చింది. ఇరవై రెండేళ్లు. ఎన్నికల్లో తలుపు తలుపూ తట్టి వాలంటీరుగా పనిచేసింది. భోజనాల బల్ల మీద వంకాయ కూర, పక్కనే దాని కోసం కొన్న పంప్‌కిన్ పై, గుమ్మడికాయతో చేసే మిఠాయి.

"నాన్నా, ఎవరికి వేశావు?"

"రహస్య ఓటమ్మా."

"అమ్మ హిల్లరీకి వేసింది. అమ్మకి రహస్యం లేదు. నీకెందుకు?"

మా ఆవిడ నా వైపు చూడలేదు. నేను పెరో సంగతి, మూసేసిన మిల్లు, తాతయ్య, నంద్యాల అన్నీ మొదలుపెట్టాను. అది మధ్యలో ఆపేసింది. "నాన్నా, ఇవన్నీ నీకు మంచి స్టోరీస్. నా ఫ్రెండ్‌కి పేపర్స్ లేవు. తను రేపేం చేయాలో చెప్పు."

నేను చెప్పలేకపోయాను. పంప్‌కిన్ పై ముక్క కోసింది కోసినట్టే ప్లేటులో ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయింది. ప్రతి ఆదివారం ఫోన్ చేసే పిల్ల సంక్రాంతి దాకా చేయలేదు. చేసినా అమ్మతోనే మాట్లాడింది.

ఎవరికి వేశానో ఇప్పటికీ ఇంట్లో చెప్పలేదు. చెప్తే రెండు రకాలుగానూ నేను అనుకున్న మనిషిని కాకుండా పోతాను.

గుళ్లో బల్ల కూడా అప్పుడే చెదిరింది. డాక్టరు గారూ బెజవాడవాడూ మాట్లాడుకోవడం మానేశారు. పదహారేళ్లపాటు పులిహోర పంచుకున్న మనుషులు. ఒకరు ముందు వస్తే ఇంకొకరు పెరుగన్నం డబ్బా పట్టుకుని కార్లోకి వెళ్లి తినేవారు. నేను ఇద్దరి దగ్గరికీ వెళ్లేవాణ్ణి. ఇద్దరూ నన్ను అవతలివాడి మనిషినే అనుకున్నారు. అప్పుడు మా ఊరి ప్రెసిడెంటు బాగా గుర్తొచ్చాడు. నాన్నని వెక్కిరించడానికే వచ్చాడు, కాఫీ మాత్రం మా ఇంట్లోనే తాగాడు.

నాన్న 2014లో ఆఖరి ఓటు వేశారు. అప్పటికి ఎనభై నాలుగు. ఆటోలో స్కూలు దాకా తీసుకెళ్తే, తను పాఠం చెప్పిన గదిలోనే బూత్ పెట్టారట. 'పైవారెవరూ కాదు' అన్న మీట కూడా వచ్చేసింది అప్పటికి. ఫోన్‌లో "ఎవరికి వేశావు నాన్నా? నోటాకా?" అంటే కసురుకున్నారు. "అంత దూరం ఆటో ఎక్కి ఎవరికీ వెయ్యకుండా వస్తానా? ఎవరో ఒకణ్ణి నమ్మాలి కదరా." గెలిచాడా అని అడిగితే నవ్వారు. ఆ శీతాకాలంలోనే పోయారు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది.

మా రాష్ట్రంలో ఆ ఇనుపయంత్రాలు ఎప్పుడో పోయాయి. పార్టీ మీటని కూడా 2019లో చట్టం చేసి తీసేశారు, ఇప్పుడు ఎవరైనా సరే ఒక్కో పేరు చదివి విడివిడిగా గుర్తు పెట్టాల్సిందే. ఆ రోజు మా ఆవిడకి పాయసం చేయమని చెప్పాను. ఎందుకో చెప్పాక చేయలేదు.

2024లో మా వాట్సాప్ గ్రూపుల గోల మీకు తెలిసిందే. ట్రంప్ పక్కన వైస్ ప్రెసిడెంటుకి నిలబడ్డ వాన్స్ భార్య ఉష గారి పూర్వీకులది వడ్లూరని తెలిశాక రాత్రికి రాత్రి సగంమంది "మన అమ్మాయి" అన్నారు. మిగతా సగం డెమొక్రాట్ల అభ్యర్థి కమలా హ్యారిస్ అమ్మగారిది తమిళనాడు కాబట్టి ఆవిడే మనకి దగ్గర అన్నారు. పన్నులు, వీసాలు, యుద్ధాలు అన్నీ పక్కకిపోయి చుట్టరికాలు మిగిలాయి.

ఆ అక్టోబరులో ఒక సాయంత్రం ఒకమ్మాయి తలుపు తట్టింది. చేతిలో ట్యాబ్లెట్, మెడలో తాడు. మా అమ్మాయి ఆ వయసులో ఇలాగే ఇళ్లు తిరిగింది కదా అని లోపలికి రమ్మన్నాను. లోపలికి రాకూడదట, గుమ్మంలోనే నిలబడి, నా పేరు పక్కన పార్టీ లేదని చూసి, "మీరు ఎటువైపు మొగ్గుతున్నారు? ఒకటి నుంచి అయిదు దాకా చెప్పండి" అంది. నేను దేని గురించి అని అడిగాను. తడబడింది. ఆ ప్రశ్నకి దాని దగ్గర గడి లేనట్టుంది. చలిగా ఉందని మా ఆవిడ టీ తెచ్చిచ్చింది. గబగబా తాగి, కప్పు మెట్టు మీద పెట్టి, "మూడు అని పెట్టుకుంటాను" అని చెప్పి పక్కింటికి వెళ్లిపోయింది.

మాది ఎటూ తేలని రాష్ట్రం కదా, మూడు అన్నవాళ్లకి కష్టాలెక్కువ. మర్నాటి నుంచి రోజూ పోస్టు డబ్బా నిండా రంగు రంగుల అట్టలు. నున్నటివి, మందపాటివి, ఒక్కోటి మూరెడు. ఒక పార్టీది నేను ఓటెయ్యకపోతే దేశం మునుగుతుందని, ఇంకో పార్టీదీ అదే. మా ఆవిడ ఒక్కటీ పారెయ్యలేదు. ఆవకాయ జాడీల కింద నూనె కారకుండా అవే వేసింది. పెద్ద జాడీ కింద రెండు పార్టీలవీ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. నూనె ఇంకా కిందకి దిగలేదు.